అందరి కళ్ళూ అనసూయ నోటి మీదే

ఆ సంవత్సరం బీరంగూడలో అనసూయ అనే ఆరేళ్ళ పిల్ల ఏం తిన్నదో కన్నతల్లికన్నా ముందు వీధికి తెలిసేది. చందా ఇచ్చినవాళ్ళ ఆరా అలాంటిది. రూపాయి వేసినవాడు అన్నం ఎంత పెట్టావని అడిగేవాడు. ఐదు వేసినవాడు ఏకంగా గిన్నె మూత తీసి చూసేవాడు. తల్లి కౌసల్యమ్మ అందరికీ నవ్వుముఖంతోనే జవాబు చెప్పేది. చెప్పక ఏం చేస్తుంది? ఇంకా సగం డబ్బు రావాలి.

పిల్లకు షుగరని తేలి ఏడాది దాటింది. కొండాపూర్ పక్క పల్లె నుంచి వచ్చి సర్కారు కంపెనీలో హెల్పరుగా చేరిన తండ్రి వెంకటేశానికి ఆ జబ్బు సంగతే కొత్త. పొట్టలు పెంచిన షావుకార్లకు వచ్చే రోగం పాలపళ్ళు ఊడని పిల్లకు రావడమేమిటని నెల్లాళ్ళు ఎవరికీ చెప్పకుండా తిరిగాడు. ఇన్సులిను కంపెనీ డిస్పెన్సరీలో ఇచ్చేవారు. పొద్దున్నే సూది పొడిచేదీ, ఉచ్చ పట్టి గాజు గొట్టంలో నీలం మందుతో కలిపి దీపం మీద మరిగించేదీ కౌసల్యమ్మే. ఇటుకరంగుకు తిరిగితే షుగరు ఎక్కువున్నట్టు. నీలంగా ఉండిపోతే మంచిదేనని మొదట్లో అనుకుంది. తర్వాత తెలిసింది, అది వట్టి మోసకారి నీలమని. షుగరు సరిగ్గా ఉన్నా నీలమే, ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోయినా నీలమే. పిల్ల ఆడి అలిసి పడుకుందో, స్పృహ తప్పి పడి ఉందో తెలియక కౌసల్యమ్మ నిద్రపోయే పిల్లను తట్టి తట్టి లేపేది.

హైదరాబాదు డాక్టరు ఒక మిషను సంగతి చెప్పాడు. వేలు గుచ్చి ఒక్క చుక్క నెత్తురు పెడితే అప్పటికప్పుడు షుగరెంతో ముల్లు చూపిస్తుందట. ఇక్కడ దొరకదు, ఆయనకు తెలిసినవారు ఫారిన్ నుంచి తేవాలి, నాలుగు వేలవుతుంది. మిషన్లు మందుల కిందికి రావని కంపెనీవాళ్ళు తేల్చేశారు.

అప్పుడు యూనియన్ రామలింగేశ్వరరావు పూనుకున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. గొంతు పెద్దది, మనసూ పెద్దదే. కార్మికుల్లో ఎవరైనా పోయినా, ఎవరి చెయ్యైనా మిషన్లో పడినా, జీతాల రోజు షిఫ్టు దిగే వేళకు గేటు బయట ఇద్దరు తువ్వాలు చెరో కొస పట్టుకుని నిలబడడం అక్కడి అలవాటు. జీతం కవరు చేతిలో ఉన్నవాడు ఆ తువ్వాలు దాటి ఊరికే పోడు. అనసూయ కోసం పట్టిన మొదటి నెలలోనే సగం వచ్చింది.

పది రోజులు తిరక్కుండానే గొడవ వచ్చిపడింది. కిరాణా కొట్టు దగ్గర అనసూయకు ఉన్నట్టుండి చెమటలు పట్టి చూపు నిలిచిపోయింది. కౌసల్యమ్మ కొట్టువాడి బస్తాలోంచి గుప్పెడు చక్కెర తీసి పిల్ల నోట్లో కుక్కింది. కాసేపటికి పిల్ల తేరుకుంది. బీడీల కోసం వచ్చిన మల్లయ్య అదంతా చూశాడు. మొన్న తువ్వాలు ఒక కొస పట్టుకున్నది ఆయనే. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కౌసల్యమ్మ రెండు తిట్టి ఊరుకునేది.

"షుగరున్న పొల్లకు చక్కెర పెడ్తున్నవేందమ్మా?" అన్నాడు.

సూది మందు ఎక్కువ లాగేస్తే షుగరు పడిపోతుందనీ, అప్పుడు తీపే మందనీ ఆమె చెప్పింది. ఎక్కువైనా రోగమే తక్కువైనా రోగమేనా అని మల్లయ్య తల గోక్కుంటూ పోయాడు. షుగరంటే తీపి తినకూడదు, లోకానికి తెలిసింది అంతే. సాయంత్రానికి ఆ రోగమే అబద్ధమన్నారు. మర్నాటికి, ఇంద్రేశంలో జాగా కొనడానికి మొగుడూ పెళ్ళాం వేసిన ఎత్తన్నారు. కౌసల్యమ్మ ఎవరికని చెబుతుంది?

జీతాల ముందురోజు రామలింగేశ్వరరావు ఇంటికొచ్చాడు. మిషను తెచ్చే ఆయన పదిహేనో తారీకున ఫారిన్‌కు బయల్దేరుతున్నాడు, ఈసారి డబ్బు కట్టకపోతే మళ్ళీ ఏడాది దాకా మిషను మాట మరచిపోవడమే అన్నాడు.

"పిల్లను గేటు దగ్గరికి తీసుకురామ్మా. కళ్ళారా చూస్తే జనం మెత్తబడతారు. కానీ ఆ రెండు గంటలూ దాని నోట్లో తీపి పడకూడదు. పడిందా, ఒక్క పైసా రాదు."

మూల కూర్చుని గచ్చకాయలాడుతున్న అనసూయ తలెత్తి ఆయన్ను చూసింది. కౌసల్యమ్మ సరేనంది.

మర్నాడు బ్యాంకు నుంచి డబ్బు ఆలస్యంగా వచ్చింది. నాలుగింటికి అందాల్సిన కవర్లు ఐదు దాటినా అందలేదు, పిల్ల తినే వేళ దాటిపోయింది. వెంకటేశం సిగ్గుతో సైకిల్ స్టాండు వెనక నక్కాడు. మల్లయ్య సందేహిస్తూనే తువ్వాలు పట్టుకున్నాడు. ఆరింటికి జనం ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. కొందరు చూడనట్టు పోయారు. కొందరు పిల్ల బక్క చేతులు చూసి ఆగారు. నోట్లు పడడం మొదలైంది.

అప్పుడే అనసూయ తల్లి చెయ్యి వదిలేసింది. పైపెదవి మీద చెమట. కళ్ళు ఎటో చూస్తున్నాయి.

కౌసల్యమ్మ చెయ్యి కొంగుముడి మీదికి పోయింది. అందులో బెల్లంముక్క ఉంది. పక్కకు తీసుకుపోదామంటే వెనక కాంపౌండు గోడ, ముందు సైకిళ్ళు, మనుషులు. పెడితే మిషను పోతుంది. మిషను పోతే, ఇలాంటిది ఇంకోసారి ఎప్పుడొస్తుందో ఎవరు చెబుతారు? పెట్టకపోతే పిల్లే పోతుంది. రామలింగేశ్వరరావు దూరం నుంచి వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. ఆమె ముడి విప్పింది.

అనసూయ పళ్ళు బిగబట్టింది.

"వద్దమ్మా," అంది పళ్ళ సందునుంచే. "అందరు సూస్తున్నరు. పైసలెయ్యరు."

తల్లి రెండు వేళ్ళు దవడల మధ్య దూర్చి పిల్ల నోరు తెరిచింది. పిల్ల కొరికింది. అయినా బెల్లం లోపల పెట్టి, అరచేత్తో నోరు మూసి, కరిగేదాకా గుండెకు అదుముకుంది. నోట్లు పడడం ఆగిపోయింది.

కొంతసేపటికి అనసూయ తేరుకుంది. మొదట తువ్వాలు చూసింది, తర్వాత మల్లయ్యను. పెదవుల మీద బెల్లం కారుతుండగా ఆయనతో అంది:

"నేనేం తినలే మల్లయ్య మామా."

మల్లయ్య తల దించుకున్నాడు. కౌసల్యమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. బతకడానికి ముక్క తినడం దొంగతనమని పిల్లకు నేర్పింది ఊరు కాదు, నిన్న సరేనన్న తానే. మిషను వస్తుందో రాదో ఆమెకు తెలియదు. పిల్ల మూతిని ఆమె తుడవలేదు. అక్కడే నేల మీద కూర్చుని అనసూయను ఒళ్ళోకి లాక్కుంది.

"తిన్నది అన్నా. నేనే పెట్టిన," అంది మల్లయ్యతో. తర్వాత మిగిలిన ముక్క పిల్ల చేతికే ఇచ్చింది. "తిను బిడ్డా. ఎవ్వలు సూసినా తిను."

అనసూయ తువ్వాలు వైపు చూస్తూ, తినకుండా ఆ ముక్కను పిడికిట్లో దాచుకుంది.