నర్సింలు పారిపోలేదు

ఆ డ్రమ్ము మీద పేరు లేదు. లోపల ఏముందో మా మేనేజరు ముదీర్‌కు తెలుసు, మాకు తెలియదు. మూత తీస్తే కళ్లు మండేవి, చేతుల మీద పడితే తోలు ఊడేది. సౌదీలో ఉనైజా ఊరి చివర రేకుల షెడ్డులో ముప్పై నలుగురం తివాచీలు కడిగేవాళ్లం. ఆ రోజు నర్సింలు దగ్గి దగ్గి డ్రమ్ము పక్కన కూలబడ్డాడు. ముదీర్ బూటుకాలితో అతని బకెట్టు ముందుకు తోసి, "యల్లా, కామ్ కరో" అని పనిలోకి తరిమాడు. అందరం చూశాం. ఒక్కరమూ నోరు తెరవలేదు. ఈ కథ ఆ సిగ్గుతోనే మొదలుపెట్టాలి.

నా పేరు ఇస్మాయిల్. మాది రాయచోటి. కంపెనీ వ్యాను నడిపేవాణ్ణి, మిగతా వేళల్లో నేనూ కడిగేవాణ్ణి. మా మేస్త్రీ ఓబదయ్యది రాజోలు దగ్గర పల్లె. పదహారేళ్లుగా అదే కంపెనీ, పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టేవాడు. నర్సింలుది జగిత్యాల వైపు, చాకలి కుటుంబం. 

అవి నితాఖత్ రోజులు. ఎంతమంది సౌదీలకు పని ఇచ్చారో చూసి సర్కారు కంపెనీలకు ఆకుపచ్చ, ఎరుపు అని రంగులు ఇచ్చేది. మాది ఎరుపులో పడింది. ఎరుపులో పడితే ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావు. పైగా మనిషికి ఇంతని కట్టాల్సిన లెవీని మా వీసాల యజమాని కఫీల్ ఎగ్గొట్టాడు. పని మాత్రం ఆపలేదు. ఇకామా లేకుండా రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. ఆసుపత్రికి పోతే ఇన్సూరెన్సు లేదంటారు. ఇంటికి పోదామంటే ఎగ్జిట్ వీసా రాదు.

తర్వాతి శుక్రవారం నర్సింలు మమ్మల్ని వంటగదిలో కూర్చోబెట్టాడు.

"ఈ మందు మనల్ని సంపుతది. ఇది బందు జేద్దాం," అన్నాడు.

"బంద్ చేసి దేంతో కడగాలప్పా?" అన్నాను.

"మా అయ్య ఊరందరి మరకలు తీసిండు. ఏ మరక దేనికి లొంగుతదో నాకెరుక. సిర్కా, సోడా, ఉప్పు. గంతే."

చేసి చూపించాడు. ఖర్జూర పాకం ఒలికిన చోట గోరువెచ్చని నీళ్లలో సిర్కా, అదే వెనిగర్, కలిపి అద్దాడు. ఖహ్వా కాఫీ మరక మీద వంటసోడా చల్లి, ఆరాక దులిపాడు. నూనె మరక మీద ఉప్పు పోసి ఒక పూట వదిలేశాడు. పెళ్లి హాళ్ల తివాచీల మీద కొవ్వొత్తుల మైనం గడ్డలు కట్టి ఉండేది. దాని మీద ఐసు పెట్టి, గట్టిపడ్డాక చెంచాతో గీకి తీశాడు. మిగిలిన జిడ్డు మీద కాగితం పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే కాగితమే పీల్చుకుంది. గీకిన మైనాన్ని పారేయనివ్వలేదు, డబ్బాలో దాచాడు.

పని బాగానే అయ్యేది, కానీ నిదానం. ముదీర్‌కు అదే కంటగింపు. సిర్కా సీసాలన్నీ కాలువలో ఒంపించి, డ్రమ్ము తెరవమన్నాడు.

నర్సింలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తెరువం సార్. మీరు తెరిచి, మీ చెయ్యి పెట్టుండ్రి. అప్పుడు మేం పెడతం."

ఆ మాటను నేను ఉర్దూలో చెప్పాను. మొదట నేపాలీలు బ్రష్షులు కింద పెట్టారు, తర్వాత మావాళ్లు. ఓబదయ్య అందరికన్నా చివర పెట్టాడు. డ్రమ్ము ఆ రోజు తెరుచుకోలేదు, ఆ తర్వాతా తెరుచుకోలేదు.

మూడో రోజు క్యాంపుకు కరెంటు తీసేశారు. మా గదులకు కిటికీలు లేవు. పట్టపగలు కూడా చెయ్యి చాపితే చెయ్యి కనిపించేది కాదు. అప్పుడు నర్సింలు మైనం డబ్బా తీశాడు. వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి కరిగించాడు. పాత బనియను గుడ్డలో వడగడితే ఉన్ని నూగు విడిపోయింది. నేల తుడిచే నూలు పోగుల్ని పేని వత్తి చేశాడు. కోసిన కూల్‌డ్రింకు డబ్బా నడుమ పుల్లకు వత్తి కట్టి వేలాడదీసి, మైనం పోశాడు. రెండు రోజుల్లో ప్రతి గదిలో కొవ్వొత్తి ఉంది. ఎవరి పెళ్లిళ్లలోనో కాలిన మైనం మా గదుల్లో రెండోసారి కాలింది.

డ్రమ్ము మూత పడింది గానీ, అంతకుముందు తొమ్మిది నెలలు పీల్చిన గాలి నర్సింలు రొమ్ములోనే ఉండిపోయింది. ఒక పొద్దున పెదాలు నీలంగా మారాయి. వ్యానులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. కౌంటరులో ఇకామా అడిగారు. గడువు దాటిందన్నారు. అక్కడి నర్సు కెజియాది నరసాపురం. మా తెలుగు విని పరుగున వచ్చింది.

"అన్నయ్యా, మీరు పక్కకి జరగండి. నేను చూసుకుంటాను," అని తనే చక్రాల కుర్చీ తోసుకుని ఎమర్జెన్సీలోకి తీసుకెళ్లింది. అలా చేసినందుకు తర్వాత ఆమెకు మెమో ఇచ్చారు.

ఆక్సిజన్ పెట్టారు. నర్సింలు నా మణికట్టు పట్టుకున్నాడు. ఏదో చెప్పబోయాడు, ఊపిరి అందలేదు. మధ్యాహ్నం అజాన్ వేళకు పోయాడు. కెజియా అతని చేతులు కడిగింది. తోలు ఊడిన వేళ్లను ఒక్కొక్కటిగా తుడుస్తూ ఏడ్చింది.

మర్నాడు ముదీర్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. నర్సింలు రెండు నెలల కిందటే పని వదిలి పారిపోయాడని, క్యాంపులో ఎవరూ చూడలేదని అందులో రాసి ఉంది. దాన్ని హురూబ్ అంటారు, పరారీ కేసు. పారిపోయినవాడైతే శవాన్ని పంపే బాధ్యత కంపెనీకి ఉండదు. సాక్షులుగా మేమంతా సంతకాలు పెట్టాలి. పెడితే కరెంటు వస్తుంది, ఎగ్జిట్లు వస్తాయి. రెండు గంటలు గడువిచ్చాడు.

గదిలో కొవ్వొత్తుల చుట్టూ కూర్చున్నాం. బయట ఎండ పేలిపోతోంది.

"పోయినోడు ఎట్లాగూ రాడు," అన్నాడు ఒకడు. "నా బిడ్డని చూసి మూడేండ్లయింది."

ఎవరూ అతన్ని తిట్టలేదు. అందరి మనసులోనూ అదే ఉంది.

ఓబదయ్య కొవ్వొత్తి దగ్గరికి జరిగాడు. "నేను పదహారేళ్లలో ఎన్ని కాగితాల మీద పెట్టానో నాకే తెలీదురా. కాలు విరిగినోడు తాగి పడ్డాడని పెట్టాను. ఎండకి చచ్చినోడికి గుండెజబ్బని పెట్టాను. ఆళ్ల పెళ్లాం పిల్లలకి ఏం దక్కకుండా చేసింది నా చెయ్యేరా. ఇది పెట్టను. మీరు పెడితే పెట్టుకోండి."

తలవంచుకుని ఏడ్చాడు. బిడ్డ గురించి చెప్పినవాడే లేచి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

గడువు తీరింది. ముదీర్ కాగితం చాచాడు. ఓబదయ్య దాన్ని నాలుగు ముక్కలు చేశాడు. గంటలో పోలీసు బస్సు వచ్చింది. పని ఆపించిన మేస్త్రీ ఒక్కణ్ణే తీసుకుపోతామన్నారు. ఓబదయ్య ఎక్కాడు. వెనకాలే నేనెక్కాను. నా వెనక నేపాలీలు. దిగమని కర్రతో కొట్టారు. దిగిన వాళ్లు మళ్లీ ఎక్కారు. ముప్పై ముగ్గురం ఎక్కాక బస్సు తలుపు మూతపడలేదు.

లేబర్ ఆఫీసులో ఒక్కొక్కర్ని విడిగా అడిగారు. పిలిచిన వాళ్లందరం ఒకే మాట చెప్పాం. నర్సింలు పారిపోలేదు, డ్రమ్ము దగ్గర పని చేసి చేసి చచ్చిపోయాడు. మా మాటలు అరబీలో చెప్పే మనిషి అదే మాట మళ్లీ చెప్పలేక తొమ్మిదో వాడి దగ్గర ఆగిపోయాడు. ఆఫీసరు చాలని చెయ్యి ఊపాడు. కంపెనీ పెట్టిన హురూబ్‌ను రద్దు చేశారు. యాభై రెండో రోజున నర్సింలు శవపేటిక విమానం ఎక్కింది. మా వేలిముద్రలు తీసుకుని, ఇక ఎప్పుడూ ఆ దేశం రాకుండా మమ్మల్ని పంపించేశారు. ఓబదయ్య మీద వేరే కేసు పెట్టారు. అతనింకా అక్కడి జైల్లోనే ఉన్నాడు. గెలిచామని నేను ఎలా చెప్పను?

రాయచోటికి పోకముందు జగిత్యాల వైపు వెళ్లాను. నర్సింలు భార్య పోశవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది.

"ఆఖరికేమన్నడు?" అని అడిగింది.

"ఏమీ అనలేకపోయినాడక్కా. ఊపిరి అందల్యా. నా చెయ్యి పట్టుకున్యాడు."

ఆమె నా మణికట్టు వైపు చాలాసేపు చూసింది. తాకలేదు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మా ఊరోళ్లు నలుగురు గదే కంపెనీకి పోతున్నరు. పాస్‌పోర్టులు ఏజెంటు తాననే ఉన్నయి. నేను జెప్తే ఇంటలేరు. డ్రమ్ము సంగతి నువ్వు జెప్పు."

ఆ నలుగుర్నీ పిలిపించింది. నేను చెప్పాను. తోలు ఊడిన నా అరచేతులు చూపించాను. వాళ్లు లేచి వెళ్లిపోయారు.

తెల్లవారి ఏజెంటు ఆఫీసు మెట్ల మీద పోశవ్వ కూర్చుంది. పక్కన నేను కూర్చున్నాను. ఏజెంటు వచ్చి లెమ్మన్నాడు. ఆమె లేవలేదు. పది గంటలకు ఆ నలుగురూ, వాళ్ల ఆడవాళ్లూ వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నానికి గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కూలీలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి రావడం మొదలుపెట్టారు. మెట్లు చాలక రోడ్డు మీద కూర్చున్నారు.

ఏజెంటు షట్టరు కిందికి లాగబోయాడు. పోశవ్వ లేచి, రెండు చేతులతో దాన్ని పైకి పట్టుకుంది.

"పాస్‌పోర్టులు ఇటియ్యి," అంది.