దుప్పటికి అవతలి కొస

“ఇంకా తడిగానే ఉంది,” అంది పెద్దక్క, దుప్పటి అంచు చెంపకు ఆనించుకుని.

“ఏడ్చిందేమోలే పాపం,” అంటూ అవతలి కొస పట్టుకున్న బొద్దమ్మ దాన్ని లాక్కుని మళ్ళీ ఆరబెట్టే మిషన్లో పడేసింది.

హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. మడత బల్ల దగ్గర వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి జంట. చెరో కొస పట్టుకుని దులపాలి, లాగాలి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. ఏం మాట్లాడుకున్నా అప్పుడే. దూరం జరిగితే మిషన్ల హోరులో మాట వినబడదు.

పెద్దక్క పుల్లలా ఉంటుంది. బొద్దమ్మ పేరుకు తగ్గ మనిషి. లాండ్రీ వాళ్ళిచ్చిన ఏప్రన్ నడుం చుట్టూ రాక, రెండింటిని కలిపి కుట్టించుకుంది. “నాకొక్కదానికే డబుల్ ఇచ్చారు, చూశారా నా పలుకుబడి!” అని ఇంకొకరు నవ్వేలోపు తనే నవ్వేసేది. ఇప్పుడు ఆరో నెల. ఆ డబుల్ ఏప్రన్ కూడా పొట్ట దగ్గర బిగుసుకుపోయింది.

నిజానికి ఆమె ఇంకోసారి కడుపుతో ఉండకూడదు. కిందటి కాన్పులో రక్తపోటు పెరిగి చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. మళ్ళీ వస్తే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మడత బల్ల కింద పెద్దక్క దారాల డబ్బా ఉంది. దాని అడుగున, గర్భం రాకుండా మర్నాడు వేసుకునే మాత్ర ఒకటి ఎప్పుడూ ఉండేది. అవసరపడిన ఆడవాళ్ళు వచ్చి “అక్కా, దారం” అంటారు. పెద్దక్క ఎందుకని అడగదు, మొహంలోకి చూడదు. మాత్ర చేతిలో పెట్టి తల తిప్పుకుంటుంది. కొత్తది కొన్నప్పుడు అట్టపెట్టె, అందులోని కాగితం షాపు బయటే చించి పారేస్తుంది. అందరి పరువూ తన డబ్బాలో భద్రంగా ఉందని ఆమె నమ్మకం. పెళ్ళీ పిల్లలూ లేని ఆ మనిషికి గొప్పగా చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది, అదీ ఎవరికీ చెప్పుకోలేనిది.

బొద్దమ్మా ఆ మాత్రే వేసుకుంది. మర్నాడు పొద్దున్నే, పెద్దక్క ఎదురుగానే, గుటకేసి నాలుక చాపి చూపించింది కూడా. అయినా కడుపు నిలిచింది. సంగతి తేలేసరికి నెలలు గడిచిపోయాయి, ఇప్పుడు తీయడమూ ప్రమాదమేనని డాక్టర్లన్నారు. లారీ నడిపే ఆమె మొగుడు మాత్రం ఆమె అసలు మాత్రే వేసుకోలేదని తేల్చేశాడు. అప్పట్నుంచి మాటల్లేవు. అన్నం కూడా తనే వడ్డించుకుంటున్నాడట. “నేనే ఏదో తప్పు చేసుంటానక్కా,” అని ఆమె వందసార్లు అని ఉంటుంది.

ఆ మధ్యాహ్నం పెద్దక్క డబ్బాలోకి మాత్ర కొనడానికి వెళ్ళింది. మందుల షాపులో కొత్తగా చేరిన అమ్మాయి కవరులో పెట్టబోతూ ఆగింది.

“మీకేనాండీ?”

“ఎవరికైతే నీకెందుకమ్మా?” పెద్దక్కకు చిర్రెత్తుకొచ్చింది.

“తప్పుగా అనుకోకండి. ఒంటి బరువు బాగా ఎక్కువున్నవాళ్ళకి ఈ రకం సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. వాళ్ళకి ఇంకో రకం మాత్ర నయం. అన్నిటికన్నా, ఐదు రోజుల్లోపు ఆసుపత్రికెళ్ళి కాపర్ టీ వేయించుకుంటే మంచిది. దానికి బరువుతో సంబంధం లేదు.”

“వేళకే వేసుకున్నా?”

“వేళకే వేసుకున్నా అంతేనండీ. అందులో వాళ్ళ తప్పేం ఉండదు.”

పెద్దక్క మాత్ర తీసుకుని బయటికొచ్చింది. ఆ రోజు అట్టపెట్టె చించలేదు.

బల్ల దగ్గరికొచ్చి, కొసలు కలిసినప్పుడల్లా ఒక్కో ముక్క చెప్పింది. మూడు దుప్పట్లు పట్టింది మొత్తం చెప్పడానికి. బొద్దమ్మ కొస పట్టుకునే నిలబడిపోయింది.

“అయితే నేను సరిగ్గానే వేసుకున్నానన్నమాట.”

“ఒక్క మాట అడిగి తెలుసుకోకుండా ఇచ్చాను. నన్ను తిట్టవే?”

“నువ్వు ఏమీ అడగవనే కదక్కా అందరం నీ దగ్గరికొచ్చేది.” కొసలు కలుపుతూ అంది, “సాయంత్రం ఇంటికొచ్చి ఆయనకి చెప్పక్కా. నేను చెప్తే నమ్మడు. ఈ ఒక్కటీ చేసిపెట్టు చాలు.”

“వస్తాను.”

బొద్దమ్మ మొహం తేటపడింది. పొద్దుటినుంచీ తల పగిలిపోతోందని, లైట్ల చుట్టూ మెరుపులు కనిపిస్తున్నాయని అప్పుడు చెప్పింది. ఆసుపత్రికి వెళ్దామంటే, ఈ బండెడు దుప్పట్లు అయ్యాక చూద్దామంది. తర్వాతి దుప్పటి దులిపేటప్పుడు అవతలి కొస జారిపోయింది. ఆమె ఎప్పుడూ కొస వదిలే మనిషి కాదు. పెద్దక్క తలెత్తేసరికి నేలమీద పడి ఫిట్స్‌తో కొట్టుకుంటోంది. ఊపిరాడుతుందని ఎవరో ఏప్రన్ ముడి విప్పి తీసి పక్కన తగిలించారు. లాండ్రీ వ్యాన్లోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

పొద్దు వాలుతుండగా ఆసుపత్రి వరండాలో మొగుడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదని అప్పటికే చెప్పేశారు. పెద్దక్క పక్కన కూర్చుంది. ఏడవడానికి ముందు చెప్పాల్సింది చెప్పాలి.

“తమ్ముడూ, అది మాత్ర వేసుకుంది. నా కళ్ళముందే. ఇచ్చింది నేనే. దాని బరువుకి ఆ మాత్ర పనిచెయ్యలేదు.”

“ఒట్టేసి చెప్పిందక్కా,” అన్నాడతను. “నేను తల తిప్పుకున్నా.”

పెద్దక్క సంచీ కోసం లాండ్రీకి తిరిగొచ్చింది. మిషన్లు ఆగిపోయాయి. దుప్పటి పడిన చోటే ఉంది. తీసి, ఒక కొస తన చేత్తో పట్టుకుని, రెండోది ఎక్కడ తగిలించాలా అని వెతికింది. గోడకున్న ఒకే ఒక్క మేకుకు ఆ డబుల్ ఏప్రన్ వేలాడుతోంది, పొట్ట దగ్గర ఇంకా ఉబ్బెత్తుగానే.