వేలు ఆగిన చోటు

మూడు రోజులుగా మా అమ్మాయి ఇంటి ముఖం చూడలేదు. తుఫాను డ్యూటీ. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నేనే వాతావరణ కార్యాలయానికి వెళ్లాను. తెర మీద మబ్బుల సుడి, ముడి వదులైన కొప్పులా విడిపోతోంది.

"నీరుగారిపోయిందమ్మా. తీరం చేరకముందే చల్లబడింది," అంది. కళ్లు ఎర్రగా ఉన్నా ముఖం తేటపడింది.

"ముందు తిను."

"నాలుగింటి ప్రకటన పంపి తింటా. ఇది చదివిపెట్టు. నీకు అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే."

"నేనంత మొద్దునా?"

"అంత ముఖ్యమైనదానివి."

నాకు అక్షరాలు దిద్దించింది అదే, నా యాభై రెండో ఏట. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. "తుఫాను వాయుగుండంగా బలహీనపడింది." కూడబలుక్కుని అంతవరకూ వచ్చేసరికి వేలు ఆగిపోయింది. కింద ఇంకా మూడు వాక్యాలున్నాయి.

ఇంతలో ఫోను. మా తమ్ముడు, రేవులో పడవ దగ్గర్నుంచి.

"అక్కా, మేనకోడలు ఏమంటోంది? గోళ్లు గిల్లుకుంటూ మూడు రోజులు కూర్చున్నాం. తగ్గిందా లేదా, ఒక్క ముక్క చెప్పు."

"తగ్గింది గానీ..."

"అదీ మాట! బయల్దేరుతున్నాం." పెట్టేశాడు.

అమ్మాయి ఫోను లాక్కుని తిరిగి చేసింది. రెండోసారికి ఎత్తాడు.

"మామయ్యా, తాడు విప్పావంటే నీతో మాట్లాడను! గాలి తగ్గింది గానీ సముద్రం తగ్గలేదు. రెండు నిలువుల అలలున్నాయి."

"తగ్గిందని మీ అమ్మే చెప్పిందిగా!"

"అమ్మని పూర్తిగా చెప్పనిచ్చావా?"

అటునుంచి గాలి హోరులో 'ఆగండ్రా' అని కేకేశాడు. "సరేలేవే తల్లీ. మళ్లీ కడుతున్నా. మీ అమ్మని అరవొద్దను."

"అమ్మ అరవట్లేదు," అంది అమ్మాయి నా వైపు చూసి. అప్పుడు ఏడుస్తున్నానని నాకు తెలిసింది.

"మీ నాన్న ఆఖరిసారి వేటకెళ్లిన పొద్దున రేడియో కట్టేసింది నేనేనే," అన్నాను. ఇరవై రెండేళ్లుగా దాచిన మాట. "బలహీనపడింది అన్నారు. అమ్మయ్య అనుకుని కట్టేశాను. ఆయనకీ అదే చెప్పాను. ఆ తర్వాత ఏం చెప్పారో నేను వినలేదు."

అది నా చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు వదల్లేదు.

"రేడియోవాళ్లు వెనక చెప్పింది ముందు చెప్పాల్సింది," అంది చివరికి. "ఈ కాగితంలో నేనూ అదే తప్పు చేశాను."

తెర వైపు తిరిగి, అడుగున ఉన్న వాక్యాన్ని తెచ్చి అన్నిటికంటే పైన పెట్టింది. కొత్త కాగితం నా చేతికిచ్చింది.

"రేపు సాయంత్రం వరకు ఎవరూ చేపల వేటకు వెళ్లవద్దు." నా వేలు అక్కడ ఆగింది.

"ఇక్కడితో ఆపేసినా ఎవరికీ ఏం కాదు," అన్నాను.

"నువ్వు మాత్రం ఆపకు. చివరిదాకా చదువు," అంటూ ప్రకటన పంపి, చిన్నపిల్లలా నోరు తెరిచింది.

ఎడమ చేతి వేలు అక్షరాల మీద, కుడి చేతిలో ముద్ద. నాలుగు వాక్యాలు పూర్తయ్యేసరికి క్యారేజీలో సగం ఖాళీ అయింది.