పది నలభైకి పైకప్పు

మా లేబొరేటరీ నేల కింద ఉంటుంది. కిటికీలు లేవు. ఊళ్లోని దుకాణాల తూకపు రాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే చోట ఎండ పడకూడదు, గాలి వీచకూడదు, వేడి ఒక్క డిగ్రీ పెరగకూడదు. రాయిని వేలితో ముట్టుకోం, పట్టకారుతో పట్టి త్రాసులో పెడతాం. వేలి జిడ్డు కూడా బరువే. అద్దాల తలుపు మూసి, ఊపిరి బిగబట్టి, ముల్లు నిలిచేదాకా చూస్తాం. ఇరవై ఆరేళ్లుగా నా పగళ్లు అక్కడే గడిచాయి.

ఆఫీసులో నన్ను లాకరు అంటారు. వాడకుండా దాచుకున్న సెలవులు రెండు వందలు దాటాయి. "లాకరు గారికి జ్వరం వస్తే, జ్వరమే సెలవు పెట్టి వెళ్లిపోతుంది" అంటాడు మా సూపర్నెంటు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతిలో సెలవు నిలిచేది కాదు. సినిమాలకీ స్నేహితులతో షికార్లకీ అన్నీ ఊదేశాను. ఆ ఏడాది చివర్లో నాన్న ఆసుపత్రిలో పడ్డాడు. సెలవడిగితే "ఒక్కటీ మిగల్లేదు కదయ్యా" అన్నారు. ఆయన పోయిన మధ్యాహ్నం నేను ఐదు కిలోల రాయి తూస్తున్నాను. అప్పట్నుంచి ఒక్క రోజు కూడా ఊరికే వాడలేదు. అన్నిటినీ ఒక ముసలాయన కోసం దాస్తున్నాను. మూడేళ్లలో రిటైరై ఇంటికి రాబోయే ముసలాయన, అంటే నేనే. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు గానీ ఆయన కోపం మాత్రం బాగా తెలుసు. అవసరానికి చేతిలో ఏముంచావు, అని గద్దిస్తాడు. ఆ గొంతు మా నాన్నది. ఆయన కోసమే ఆదివారాలూ పండగ సెలవులూ కూడా పొద్దున్నే వెళ్లి ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్తాను.

ఒక సోమవారం లేబొరేటరీలో ఏసీ చెడిపోయింది. గది వేడెక్కితే తూకాలు పనికిరావు కాబట్టి అందర్నీ ఇళ్లకు పంపేశారు. పదిన్నరకి ఇంటికొచ్చాను. మా ఆవిడ కర్టెన్లు కుట్టి దుకాణానికి ఇస్తుంది. ఆ వేళకి మిషను చప్పుడు మెట్ల దాకా వినబడాలి. వినబడలేదు. తలుపు తీసి చూస్తే గది మధ్య కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"మీకేమైంది? జ్వరమా?" అని, నేను జవాబు చెప్పేలోపే చెయ్యి ఎత్తింది. "సరే, తర్వాత చెబుదురు గాని. చెప్పులు అక్కడ విడిచి రండి. వస్తోంది."

"ఎవరు?"

"పైకి చూడండి."

ముందు కిటికీ పైన ఒక తెల్లటి గీత వణికింది. తర్వాత పైకప్పు మొత్తం కదలడం మొదలుపెట్టింది. బంగారు దారాలతో అల్లిన వల ఒకటి తనంతట తానే తెగిపోతూ, తనంతట తానే అల్లుకుంటూ గది మీద పరుచుకుంది. ఉంగరాలు పుట్టి, విచ్చుకుని, ఒకదాన్లోంచి ఒకటి దూరి వెళ్లిపోతున్నాయి. గాలి కాస్త వీస్తే చాలు, అంతా ఒక్క ఉదుటున మూలకి పరుగెత్తి, అక్కడ కుప్పపడి, మెల్లగా తిరిగొస్తోంది. ఆగిపోయిన ఫ్యాను రెక్కలు నది అడుగున పడి ఉన్నట్టున్నాయి. నేను కూర్చోవడం మర్చిపోయాను. నోరు తెరుచుకుని ఉందని కూడా మా ఆవిడ చెబితేనే తెలిసింది.

పావుగంటకి అది పలచబడి, కిటికీ వైపు జరిగి, లేకుండా పోయింది.

పక్క స్థలం మొక్కల నర్సరీ. అక్కడో పెద్ద సిమెంటు తొట్టి ఉంది. ఆ నీళ్ల మీద పడిన ఎండ ఆ వేళకి ఎగిరి మా రెండో అంతస్తు కిటికీలోకి వస్తుంది. సంగతి ఇంతే. ఇంతే అని తెలిశాక కూడా నా చూపు పైకప్పుని వదల్లేదు.

"ఎన్నాళ్లనుంచి వస్తోంది?"

"మనం ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నుంచి. తొమ్మిదేళ్లు. కాలాన్ని బట్టి వేళ మారుతుంది, మబ్బు పడితే రాదు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. మొదటి ఏడాదే. 'దానివల్ల సీలింగు రంగు వెలిసిపోతుందా' అని అడిగారు."

నిజంగానే అడిగి ఉంటాను. నాకు గుర్తు లేకపోవడమే దానికి సాక్ష్యం.

"ఇంక అడగక్కర్లేదు లెండి" అంది, మిషను దగ్గరికి వెళ్తూ. "ఆ స్థలం అమ్మేశారు. నెలాఖరుకి తొట్టి పగలగొట్టి పునాదులు తీస్తారట. తోటమాలి చెప్పాడు."

మర్నాడు ఏసీ బాగుపడింది. నేను లేబొరేటరీకి వెళ్లాను. రెండు కిలోల రాయిని త్రాసులో పెట్టి ఊపిరి బిగబట్టాను. ఎదురుగా గోడ గడియారంలో పది నలభై. ఈ క్షణాన మా గదిలో అది ఉంది. నేను చూసినా చూడకపోయినా ఉంది. ఈ తొమ్మిదేళ్లలో నేను ఈ స్టూలు మీద కూర్చున్న ఎండ పొద్దులన్నిటా ఉంది. ముల్లు నిలిచిందో లేదో చూడలేదు. ఆ రాయిని మూడుసార్లు తూచాను, మూడు అంకెలొచ్చాయి.

బుధవారం కూడా అంతే. ముసలాయన గద్దిస్తూనే ఉన్నాడు. రేపు ఈవిడే ఆసుపత్రిలో పడితే ఏం చేస్తావు? ఆ ప్రశ్న అబద్ధం కాదు. అబద్ధమైతే సులువుగా ఉండేది. కానీ ఆయన్ని నేనూ మొదటిసారి ఒకటి అడిగాను. నీకు ఎన్ని రోజులిస్తే చాలంటావు? ఆయన దగ్గర అంకె లేదు. ఎప్పుడూ లేదు.

సాయంత్రం సూపర్నెంటు ముందు కాగితం పెట్టాను. నెలాఖరు దాకా పది పనిరోజులు, పదీ పొద్దుటి పూట సగం సెలవులు. మొత్తం ఐదు రోజులు.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. "ఎవరికండీ బాగాలేదు?"

"అందరూ బాగానే ఉన్నారు."

"పిల్లల పెళ్లా?"

"మాకు పిల్లల్లేరు కదండీ."

"మరి పూటకో ముక్క ఏమిటి? లాకరు తెరవాలనుకుంటే బార్లా తెరవాలి గానీ, సందులోంచి చెయ్యి పెట్టి తీస్తున్నారేం?"

"అంతే కావాలండీ. పొద్దున్న ఒక పని ఉంది."

"పది రోజులూ అదే పనా?"

"రోజూ పావుగంట."

ఆయన నన్ను జాలిగా చూసి సంతకం చేశాడు. ఏదో వైద్యం అనుకుని ఉంటాడు.

గురువారం నుంచి మా ఆవిడ రెండో కుర్చీ వేసింది. ఏ రెండు రోజులూ ఒకేలా లేవు. తోటమాలి బకెట్టు ముంచితే మా పైకప్పు పగిలి ముక్కలై, మళ్లీ అతుక్కునేది. ఒక రోజు ఒక కాకి తొట్టిలో స్నానం చేసింది. మా ఇల్లంతా కాకి స్నానం చేసింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. మూడో రోజు మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"ఏం లెక్కపెడుతున్నారు?"

నిజమే. ఉంగరాలు ఎటునుంచి ఎటు పోతున్నాయో వరసగా గుర్తుపెట్టుకుంటున్నాను. ముసలాయన కోసం. దీన్ని కూడా మూటగట్టి ఆయనకి పంపాలని చూస్తున్నాను. అలా గుర్తుపెట్టుకుంటున్నంతసేపూ నేను చూసింది ఏమీ లేదు.

"ఊరికే చూడండి" అంది. అదెంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

ఆఖరి రోజు పదింటికే కింద మోటారు చప్పుడు. తొట్టిలో నీళ్లు తోడేస్తున్నారు. మా ఆవిడ కిటికీ దాకా వెళ్లి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇంక రాదనుకున్నాను.

పది నలభైకి వచ్చింది. మోటారు లాగుతున్న నీళ్లు సుడి తిరుగుతున్నాయేమో, పైకప్పు మీద ఎన్నడూ చూడని సుడులు, వెలుగు వెలుగునే మింగి మళ్లీ కక్కుతున్నట్టు. నీళ్లు దిగుతున్నకొద్దీ అది పైకప్పు వదిలి గది లోపలికి జరిగింది. తొమ్మిదేళ్లలో ఎన్నడూ రాని ఎదుటి గోడ మీదికి దిగింది. గోడ మీద నుంచి మిషను మీదికి, మడతపెట్టిన కర్టెన్ల మీదికి, మా మీదికి. మా ఆవిడ నుదుటి మీద, చెవి పక్క తెల్ల వెంట్రుకల మీద బంగారు వల పాకింది. ఆవిడ కళ్లు మూయలేదు. ఇరవై మూడేళ్లుగా నాతో ఉంటున్న ఈ మనిషిని ఎవరో ఇప్పుడే పరిచయం చేసినట్టు చూశాను.

"మీ ముఖం మీద కూడా ఉంది" అంది గుసగుసగా.

అప్పుడు నాలో ఎవరూ గద్దించడం లేదు. ఎంతసేపో తెలియదు.

మోటారు ఆగింది. గది మామూలు గదైంది.

కింద ఎవరో సుత్తి దెబ్బ వేశారు. మా ఆవిడ లేచి ముఖం తుడుచుకుంది. "ఒంటి గంటకల్లా ఆఫీసులో ఉండాలి కదా. బయల్దేరండి."

"బయల్దేరడానికి ఇంకా గంటన్నర ఉంది."

"ఉంటే?"

"ఉంటే... కూర్చుంటాను."

ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, మిషను ముందు కూర్చుని పొడుగాటి కర్టెను బట్ట లాగింది. "కూర్చుంటే కూర్చోండి. ఊరికే కాదు, ఈ అంచు పట్టుకోండి. జారిపోతోంది."

పట్టుకున్నాను.