నిండిపోయిన గుళికలు

చెరువు నిండా చేపలు వెల్లకిలా తేలిన పొద్దున, పోలీసులు ఎరువుల ఫ్యాక్టరీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా మా రేవుకొచ్చారు. నీళ్ళలో విషం కలిపి చేపలు పడుతున్నావంటూ మా అన్నను చొక్కా పట్టి ఈడ్చుకుపోయారు.

ఫ్యాక్టరీ మురుగు చెరువులో కలిసేముందు ఒక పెద్ద తొట్టి దాటాలి. తొట్టినిండా సన్నని రంధ్రాల గుళికలు. మురుగులోని ఫాస్ఫేటును పట్టి ఉంచడం వాటి పని. గుళికలు మార్చే కాంట్రాక్టరు దగ్గర మా వదిన తమ్ముడు కూలీ. అందుకే ఆ సాయంత్రం రేవులో అందరం కూడినప్పుడు కళ్ళన్నీ అతని మీదే.

"కాంట్రాక్టరు మనిషివి, నీకిక్కడేం పని?" అన్నాడు వలలల్లే తాత.

"పట్టుకుపోయింది మా బావను!"

"అయితే నిజం చెప్పరా," అంది వదిన. తమ్ముడని మెత్తబడలేదు. "తొట్టిలో ఏముంది?"

"పాత గుళికలే అక్కా. తనిఖీకి ముందు పై వరస మారుస్తాం. అడుగువి పోయిన వానాకాలం నుంచీ అవే."

"మరి నీళ్ళు తేటగానే వస్తున్నాయిగా?" అన్నాడు తాత.

"ఫాస్ఫేటు కంటికి కనబడదు," అంది ఫ్యాక్టరీ కాలనీ నుంచి వచ్చిన, కెమిస్ట్రీ చదివే కాలేజీ అమ్మాయి. "రంధ్రాలు నిండాక గుళిక ఉత్త రాయి. ఫాస్ఫేటు తిని పాచి పెరుగుతుంది. పాచి కుళ్ళి నీళ్ళలో గాలి లేకుండా చేస్తుంది. మీ చేపలు ఊపిరాడక చచ్చాయి."

"వీళ్ళ నాన్న ఆ ఫ్యాక్టరీలోనే ఫోర్‌మన్! ఈ పిల్లను పంపిందెవరు?" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

ఆమె మొహం ఎర్రబడింది. "నన్ను నమ్మొద్దు. నీళ్ళు మీరే పట్టండి, ఈ సీసాలోని పరీక్ష మందు చుక్కలు మీరే వెయ్యండి. ఫాస్ఫేటుంటే నీలం తిరుగుతుంది. ఎంత ఎక్కువుంటే అంత ముదురు నీలం."

తెల్లారి రేవు రేవంతా తొట్టి దగ్గరికి కదిలింది. కాంట్రాక్టరు నవ్వుతూ ఎదురొచ్చాడు. "రేపు ఆఫీసరుగారి ముందే పరీక్ష పెట్టిద్దాం."

"రేపటికి పై వరస మారిపోద్ది. ఇప్పుడే," అంది వదిన.

తొట్టిలోకి పోయే నీళ్ళు ఒక గ్లాసులో, బయటికొచ్చే నీళ్ళు ఇంకో గ్లాసులో పట్టింది. తాత చుక్కలు వేశాడు. కాసేపటికి రెండూ ఒకే ముదురు నీలానికి తిరిగాయి.

"కవల పిల్లల్లా ఉన్నాయే!" అన్నాడు తాత. తొట్టి ఏమీ పట్టడం లేదని అందరికీ తెలిసిపోయింది.

వదిన తమ్ముడు వెళ్ళి గొట్టం మీది చక్రాన్ని బలంకొద్దీ బిగించి, తొట్టిలోకొచ్చే మురుగు మూసేశాడు. అంతలో దిగిన పోలీసులు అతన్నీ, కాలేజీ అమ్మాయినీ వ్యానెక్కించారు. నిన్న ఆమెను అనుమానించినవాళ్ళే వ్యాను వెంట అరుస్తూ పరిగెత్తారు.

"తెరవండ్రా!" కాంట్రాక్టరు మిగతా కూలీల మీద విరుచుకుపడ్డాడు. ఎవడు ఎవడి మీద చాడీలు చెబుతాడోనని ఇన్నాళ్ళూ ఒకరికొకరు భయపడ్డవాళ్ళు. ఒకడు చేతిలోని పార కింద పెట్టి మా వైపు నడిచాడు. ఇంకొకడు. తర్వాత అందరూ. కాంట్రాక్టరు తనే చక్రం పట్టుకుని ఊగాడు. అది కదల్లేదు.

పోలేని మురుగు వెనక్కి తన్నింది. గోడ అవతల యంత్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

వదిన తొట్టి మెట్ల మీద కూర్చుంది, మేమంతా ఆమె చుట్టూ కూర్చున్నాం. "పట్టుకుపోయిన మావాళ్ళు ముగ్గుర్నీ వదలాలి. కొత్త గుళికల బస్తాలు మా కళ్ళముందే విప్పాలి. అడుగుదాకా మార్చాలి."

కాంట్రాక్టరు చెమట తుడుచుకున్నాడు. "సరే, ఒప్పుకుంటున్నా. ఇక లేవండి."

మావాళ్ళూ రాలేదు, బస్తాలూ రాలేదు. మేం ఎవరం లేవలేదు.