చుట్టాలు: సున్నా

పువ్వుల మీద వాలే తేనెటీగల్ని, సీతాకోకచిలుకల్ని మా ఆఫీసులో చుట్టాలంటారు. అడవి అంచున, పొలాలు మొదలయ్యే చోట కూర్చుని, ఏ మొక్కకి ఎన్ని చుట్టాలొచ్చాయో పట్టికలో రాయడం మా చెల్లి పని. ఆ మొక్కల కాయలు విప్పి గింజలు లెక్కపెట్టడం నాది. పువ్వు లోపల మూతి పెడితేనే చుట్టం. ఊరికే పైన వాలి ఎగిరిపోతే లెక్కలోకి రాదు.

పొలాల్లో మందు కొట్టిన తర్వాత పురుగనేది కనబడలేదు. వరసగా రెండు వారాలు చెల్లి పట్టికలో ఒకటే అంకె, సున్నా. చుట్టాలు రాని మొక్కకి తాలుకాయలే మిగలాలి. నా బల్ల మీద కాయలు మాత్రం గింజ నిండి, తాకితే పగిలేలా ఉన్నాయి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"కాకి లెక్కలు రాస్తున్నావా? చెట్టు కింద కునుకు తీసి వస్తున్నావు కదూ?" అన్నాను.

"కళ్లు కాయలు కాసేలా చూస్తున్నానక్కా. ఒక్క ఈగ కూడా రాలేదు, ఒట్టు."

ఒట్టు వేసిన ఆ పెదవి మీద పచ్చటి పొడి ఉంది. కొంగుతో తుడిచి చూశాను. పుప్పొడి. ఈ రెండు వారాల్లో పిల్ల సగమైపోయింది, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేను. అది నాకు దక్కదేమోనని మొదటిసారి భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే దాని వెంట వెళ్లాను. కాలిబాటకి ఇటొక వరస, అటొక వరస ఊదారంగు పూలకంకులు. ఇటు వరస దగ్గర చెల్లి కూర్చుంటుంది. అటు వరస దగ్గర ఎవరూ కూర్చోరు, దానికి అన్నీ తాలుకాయలే. నేను అటు కూర్చుని గడియారం చూసుకున్నాను. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

నాలుగో నిమిషంలో చెల్లి పుస్తకం కింద పెట్టి మోకాళ్ల మీద వంగింది. కంకిలో అన్నిటికంటే కింది పువ్వులో పెదవులు ఆనించింది. తర్వాత దాని పై పువ్వు. అలా కొసదాకా వెళ్లి, పక్క మొక్కలో మళ్లీ కింది నుంచి మొదలుపెట్టింది. తేనెటీగలు అచ్చం అలాగే తిరుగుతాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఏమే! వినబడుతోందా?"

ఉలుకూ పలుకూ లేదు. పరుగెత్తి నడుం పట్టుకుని రోడ్డు దాకా లాక్కొచ్చాను.

"ఇంకోసారి నిన్ను ఇక్కడికి పంపితే నన్నడుగు!" అన్నాను రొప్పుతూ.

చెల్లి ఏడుస్తోంది. "నువ్వు నన్ను లాక్కురావడమేంటక్కా? నేనే కదా నిన్ను లాక్కొచ్చింది! పొద్దుటి నుంచి పిలుస్తున్నా. మోకాళ్ల మీద మొక్క మొక్కకీ తిరుగుతావే గానీ పలకవేం?"

"నోర్ముయ్యి. పది నిమిషాలు కూడా కాలేదు."

చెల్లి ఆకాశం వైపు చూపించింది. పొద్దు వాలిపోయింది. నా చీర మోకాళ్ల దగ్గర మట్టికొట్టుకుపోయి ఉంది. పెదవి తడుపుకుంటే తియ్యగా తగిలింది.

పుస్తకం లాక్కుని చూశాను. అటు వరసకి ఎదురుగా, చెల్లి చేతిరాతతో, చుట్టాలు: ఒకటి.

"మరి నీ వరసకి?"

"సున్నా అక్కా. ఎవరూ రాలేదు."

ఇంటికొచ్చి, ఇక అటువైపు వెళ్లకూడదని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. తలుపుకి లోపల తాళం వేశాం. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో మాత్రం ఇంకా తేలడం లేదు.