గడువు తెలియని ఫోను

గోదావరి బూర్గంపాడు బజారులోకి వచ్చి బేకరీ పొయ్యిని కూల్చిపోయిన వరద తర్వాత, మొదటి ఎండాకాలం అది. షుకూర్ తన పాత మోపెడ్ వెనక రేకు పెట్టెకు తాడు బిగిస్తున్నాడు. మోకాలితో పెట్టెను అదిమిపట్టి, తాడు కొసను పళ్లతో లాగి ముడి వేశాడు. పెట్టెలో బన్నులు, బ్రెడ్డు, రస్కులు. భద్రాచలం నుంచి ఆటోలో వచ్చిన సరుకు అది. తన చేత్తో కాల్చింది కాదు.

అతని ముంజేతుల మీద వెంట్రుకలు ఉండవు. మూడో తరగతి మధ్యలో బడి మాని బేకరీలో చేరింది మొదలు, వేడి పొయ్యిలోకి చేతులు పెట్టి రేకులు లాగుతూనే ఉన్నాడు. కాలిన వెంట్రుకలు మళ్లీ మొలవడం ఎప్పుడో మానేశాయి. వరద తీసిన నాడు బురదలో మోకాళ్ల దాకా దిగబడి, పొయ్యి ఇటుకలు ఒక్కొక్కటీ కడిగి గోడ వారన పేర్చాడు. యజమాని వచ్చి చూశాడు. ఇక కట్టను అన్నాడు. షుకూర్ ఎందుకని అడగలేదు. చేతులు కడుక్కుని ఇంటికి వచ్చాడు.

ఎందుకని అడగడం అతనికి ఎప్పుడూ అలవాటు లేదు. చెప్పింది చేస్తాడు. చెప్పకపోతే తనకు తోచింది చేస్తాడు.

భార్య ఫజిలత్ గుడ్డ సంచి తెచ్చి హ్యాండిల్‌కు తగిలించింది. పాత పరదా గుడ్డతో తనే కుట్టింది. లోపల వరసగా అరలు, ఒక్కో అరలో ఒక్కో ఫోను పట్టేలా.

"బ్రెడ్డు అమ్మనీకి పోతున్నవా, ఫోన్లకు నీళ్లు తాపనీకి పోతున్నవా?" అంది.

షుకూర్ నవ్వినట్టు మూతి కదిపి బండి స్టార్టు చేశాడు.

వేపలగుంపు అడవి అంచున ఉంది. తారురోడ్డు దిగాక వాగు దాటాలి, తర్వాత గుట్ట మలుపు. ఆ మలుపు దగ్గర ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. ఊళ్లోకి పోయేసరికి ఒక్కటీ ఉండదు. చదువుకునే పిల్లల దగ్గర ఫోన్లున్నాయి, ఫోన్లలో పరీక్షల యాప్‌లున్నాయి, నెట్ మాత్రం లేదు. అందుకని ఈ పద్ధతి ఏర్పడింది. పొద్దున బన్నులు అమ్మి, షుకూర్ పిల్లల ఫోన్లు సంచిలో వేసుకుంటాడు. రోడ్డు మీది హోటల్లో ప్లగ్గులకు పెట్టి, ఒక్కోదానిలో నెట్ పెడతాడు. కొత్త పాఠాలు, పేపర్లు వాటంతట అవే దిగుతాయి. సాయంత్రం తిరిగి ఇస్తాడు. ఊళ్లో దీన్ని 'పాఠాలు నింపుకొచ్చుడు' అంటారు. అతను ఒక్క పాఠమూ చదివింది లేదు. ఏ రంగు గుర్తు నొక్కితే గీత గుండ్రంగా తిరిగి నిండుతుందో అది మాత్రం తెలుసు.

ఆ పొద్దున హారన్ కొట్టగానే ముందు వచ్చినవాడు జంపయ్య. పోలీసు ఉద్యోగానికి చదువుతున్నాడు.

"తాతా, పైలంగ పట్కపో. నిన్న నా ఫోన్ల రస్కు పొడి దూరింది. ఫోను మోగుతుంటే నములుతున్నట్టున్నది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

చివర దూలయ్య ఇంటి ముందు బండి ఆగింది. అతని కూతురు శ్యామల దడి దాటి వచ్చింది. సన్నటి మనిషి, కళ్ల కింద నలుపు, మెడలో ఎర్రదారం చుట్టిన ఇయర్‌ఫోన్లు. నర్సింగు సీటుకు ఎంసెట్ రాయాలి, పరీక్ష వచ్చే వారమే. పోయినేడు ఒకసారి రాసి తప్పింది. ఇంటరు పుస్తకాలు వరదలో పోయాయి. తర్వాత ఎవరో ఊరికి వచ్చి ఫోనులో యాప్ ఉచితంగా వేసిపోయారు. ఆమె చదువంతా అందులోనే ఉంది.

రొయ్యల కంపెనీకి ఆడపిల్లలను తీసుకుపోయే మేస్త్రి ఊళ్లోనే మకాం వేశాడు. మర్నాడు తెల్లారి అతని వ్యాను పోతుంది. పరీక్ష దాకా ఆగుతానని శ్యామల ఏడ్చి ఒప్పించింది. దూలయ్యకు చదువు రాదు. కూతురు ఫోనులో సరైన జవాబు తాకితే పచ్చగా వెలిగేది. ఆ పచ్చరంగు చూసి ఒప్పుకున్నాడు.

"మూడొద్దులాయె కరెంటు లేక. చార్జింగు ఒక్కటే పెట్టు తాతా. నెట్ ముట్టనియ్యకు" అంది, చాలా రోజులుగా అతని సంచిలో వేయని ఫోను ఇస్తూ.

"అట్లనే బిడ్డా."

ఎందుకని అడగలేదు. ఆమె చెప్పలేదు. లోపలి నుంచి తల్లి పిలిస్తే వెళ్లిపోయింది.

హోటల్ బల్ల మీద ఫోన్లన్నీ వరసగా పడుకోబెట్టి షుకూర్ టీ తాగాడు. ఎండ ముదిరింది. వంటచెరకు మోపులతో ఆడవాళ్లు రోడ్డు వెంట పోతున్నారు. జంపయ్య ఫోను టింగుమంది, పక్కది టింగుమంది. కొత్త పేపర్లు దిగుతున్నాయి. శ్యామల ఫోను ఒక్కటే చప్పుడు లేకుండా పడి ఉంది.

షుకూర్ దానివైపు చాలాసేపు చూశాడు. నెట్ బాలెన్సు లేదేమో. అడగడానికి సిగ్గుపడిందేమో. పరీక్ష దగ్గర పడుతుంటే అందరికీ కొత్తవి వచ్చి ఈ పిల్లకు రాకపోవడం ఏమిటి? కొడుకు సాజిద్ ఖమ్మం నుంచి వచ్చినప్పుడు, తన ఫోను నెట్ ఇంకో ఫోనుకు ఇవ్వడం నేర్పిపోయాడు. షుకూర్ బన్ను పొడి అంటిన వేళ్లు లుంగీకి తుడుచుకుని, తన నెట్ ఆమె ఫోనుకు కలిపాడు. యాప్ నొక్కాడు.

గుండ్రటి గీత తిరిగింది. తిరిగి ఆగింది. పాఠాల బొమ్మలు ఉండాల్సిన చోట తెల్లగా అయిపోయింది. మధ్యలో రెండు వరసల అక్షరాలు, కింద తాళం గుర్తు. కూడబలుక్కుని చదివాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు.

హోటల్ పక్కనే జయప్రకాశ్ సెల్ రిపేరు కొట్టు. అతను ఫోను తీసుకుని అటూ ఇటూ నొక్కి చూశాడు.

"దీని గడువు ఎప్పుడో అయిపోయింది చాచా. నెట్ లేనన్ని రోజులు దానికి ఆ సంగతి తెల్వలే, పాతయి తెరుసుకుంటనే ఉన్నది. ఇయ్యాల నువ్వు నెట్ పెట్టినవ్. దానికి తెలిసింది."

"పాతయి?"

"తుడిచేసింది."

"మళ్ల రావా?"

"ఏసినోళ్లు మళ్ల తెరిస్తే వస్తయ్."

యాప్‌లో ఉన్న నంబరుకు జయప్రకాశ్ ఫోను చేశాడు. ఆ నంబరు వాడుకలో లేదని ఆడగొంతు చెప్పింది. షుకూర్ కోసం మళ్లీ చేశాడు. అదే గొంతు, అదే మాట.

"ఊకెనే దొరికే వీడియోలు కొన్ని ఎక్కిస్త, పట్కపో. గని ఆ పిల్ల గుర్తులు పెట్టుకున్న ప్రశ్నలు ఇంక లెవ్వు. గవి నేను తేలేను చాచా."

షుకూర్ కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. నెట్ ముట్టనియ్యకు అంది. అంతకన్నా ఇంకెలా చెబుతుంది? పెట్టెలో బన్నులు మిగిలాయి. మధ్యాహ్నం అమ్మాల్సిన ఊరికి అతను పోలేదు.

సాయంత్రం వేపలగుంపులో తునికాకు కట్టలు ఆరబెట్టిన వాసన వేస్తోంది. మిగతా ఫోన్లు ఇచ్చేశాడు. శ్యామల చేయి చాచింది. చార్జింగు నిండిన గుర్తు చూసి కళ్లు మెరిశాయి. యాప్ తాకింది. మళ్లీ తాకింది. ఫోను ఆపి తెరిచింది. ఆమె వేలు ఆ తెల్లటి అద్దం మీద అక్కడక్కడే తిరిగింది, చీకట్లో గోడ మీద స్విచ్చి వెతికినట్టు.

"నెట్ పెట్టినవా తాతా?"

"అవ్ బిడ్డా."

"కొత్తయి వస్తయనుకున్నవ్ గదా."

షుకూర్ తల ఊపాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి.

దూలయ్య గొడ్డలి చూరులో పెట్టి వచ్చాడు. "ఏందే? ఏమాయె?"

"పాఠాలు పోయినయ్ నాయ్నా."

"అన్నీనా?"

ఆమె ఫోను అద్దం తండ్రివైపు తిప్పింది. దూలయ్య వంగి చూశాడు. పచ్చరంగు ఎక్కడా లేదు.

"నేనే పెట్టిన దూలయ్యా" అన్నాడు షుకూర్. "వద్దన్నది. నేనే పెట్టిన. పిల్లను పరీక్ష దాక ఉంచు. తలకాయల ఉన్నది పోలేదు గదా. జయప్రకాశ్ వీడియోలు ఎక్కించిండు..."

అంత పొడుగు మాట అతను ఆ ఊళ్లో ఎప్పుడూ మాట్లాడి ఉండడు. దూలయ్య అతనిమీద కోపం చేయలేదు.

"తలకాయల ఉన్నదానితోని పోయినేడు రాసింది గదా సాయిబూ. ఇగ దేంట్ల చదువుతది? మేస్త్రి బండి మళ్ల వానల దాక రాదు." కూతురివైపు తిరిగాడు. "ఏమే? నువ్వేమంటవ్?"

శ్యామల వీడియో ఒకటి తెరిచింది. ఎవరో పలక మీద లెక్కలు చేస్తున్నాడు. ఆమెకు కావలసింది లెక్కలు కాదు, జీవశాస్త్రం. కాసేపు చూసింది. తర్వాత ఆపేసింది.

"పోత తియ్" అంది.

పిచ్చుకంత గొంతు. తల్లి లోపల బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు కాస్త ఆగి మళ్లీ మొదలైంది.

షుకూర్ పెట్టె మూత తీసి, ఉన్నవాటిలో మెత్తటి బన్ను ఏరి ఆమె చేతిలో పెట్టాడు. అప్పటికి అంతకన్నా తోచలేదు. ఆమె తీసుకుంది. అతను వాగు దాటేదాకా బండి లైటు వేయడం మరిచిపోయాడు. ఇంటికి పోయాక అన్నం ముందు కూర్చుని లేచాడు. ఫజిలత్ ఏమైందని అడిగింది. ఏమీ కాలేదన్నాడు.

మరుసటి పొద్దున మళ్లీ పెట్టెకు తాడు బిగించాడు. గుడ్డ సంచి గోడకే వదిలేసి బయల్దేరాడు. వేపలగుంపులో జంపయ్య ఫోను అందించబోయాడు.

"నాతోని కాదు బిడ్డా" అన్నాడు షుకూర్.

"అట్లంటె ఎట్ల తాతా? నువ్వు గాకపోతె ఎవలున్నరు మాకు?"

జంపయ్య తనే పెట్టె మూత తీసి, ఫోనును బ్రెడ్డు పక్కన పెట్టాడు. ఇంకొందరు పెట్టారు. షుకూర్ తీసి ఇవ్వలేదు.

దూలయ్య ఇంటి ముందు, చేయి అలవాటుగా హారన్ మీదికి పోయింది. ఎవరూ రాలేదు. వాకిట్లో వ్యాను టైర్ల గుర్తులు మెత్తటి దుమ్ములో దిగి ఉన్నాయి. వెదురు దడి మొనకు శ్యామల ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి. తెగినచోట ఎర్రదారం చుట్టి ఉంది. గాలికి అవి వెదురుకు తగిలి, మెల్లగా టక్కుటక్కుమంటున్నాయి.